పిండి ఎగరని బేకరీ

బన్నక్కకు తుమ్ములు మొదలై ఆరేళ్ళయింది. మొదట్లో అందరూ జలుబన్నారు. తర్వాత వాన అన్నారు, ఎండ అన్నారు, పక్కింటివాళ్ళు గోడలకు వేయించిన కొత్త రంగు అన్నారు. ఆమె భర్త అయితే, "నీ కోపమంతా ముక్కు మీదే ఉంటుంది కదా, ఆ బరువుకే తుమ్ములొస్తున్నాయి" అని తేల్చేశాడు. ఆయన తాళాలు బాగుచేసే మనిషి. ఎంత మొరాయించిన తాళమైనా ఎక్కడ పట్టేసిందో వేలితో తడిమి చెప్పగలడు. భార్య ఊపిరి ఎందుకు పట్టేస్తోందో మాత్రం ఆయనకూ అంతుపట్టలేదు.

ఆమె అసలు పేరు బేకరీలో ఎవరికీ గుర్తు లేదు. బన్నులు కొనడానికి వచ్చే పిల్లలు మొదట బన్నక్క అన్నారు, తర్వాత వాళ్ళ తల్లులన్నారు, చివరికి జీతమిచ్చే యజమానీ అదే పిలుపుకు అలవాటుపడ్డాడు. పంతొమ్మిదో ఏట ఆ బల్ల ముందు నిలబడింది. ఇరవై ఆరేళ్ళు గడిచినా అక్కడినుంచి కదల్లేదు. కుడిచేత్తో ఒక ముద్ద, ఎడమచేత్తో ఒక ముద్ద ఒకేసారి గుండ్రంగా చుట్టి ట్రేలో పెడుతుంది. తూకం వేసి చూస్తే రెండింటికీ తేడా ఉండదు. ఈ విద్య నేర్చుకుందామని ఎందరో వచ్చారు, కుడిచెయ్యి మాట వింటే ఎడమచెయ్యి వినక ఎటువాళ్ళటు వెళ్ళిపోయారు.

ఆమెకు అన్నిటికన్నా గర్వంగా ఉండేది పిండి చల్లడం. ముద్ద అంటుకోకుండా బల్ల మీద పొడిపిండి చల్లాలి కదా, గుప్పెడు తీసుకుని మణికట్టు ఒక్క విసురు విసిరితే బల్లంతా సన్నటి పొర సమానంగా పరుచుకునేది. ఆ విసురు చూడ్డానికే యజమాని అప్పుడప్పుడు చుట్టాలను లోపలికి తీసుకొచ్చేవాడు.

ఆ విసురే ఆమెను పడగొట్టింది. ఒక సోమవారం పొద్దున పదింటికి పిండి విసిరింది, ఆరేడు తుమ్ములు వరసగా తుమ్మింది, ఆ తర్వాత లోపలికి తీసుకున్న ఊపిరి బయటికి రాలేదు. చేతిలోని ట్రే జారింది. బట్టీ దగ్గరున్న అన్న పరుగున వచ్చి పట్టుకున్నాడు. ఆయన ముప్పై అయిదేళ్ళుగా బట్టీలో రొట్టెలు పెట్టి తీసే పనిలో ఉన్నాడు. బక్కపలచని మనిషి, మాట తక్కువ, దగ్గు ఎక్కువ. బన్నక్కకు సొంత అన్న కాదు గానీ, సొంత అన్నలు ఇద్దరున్నా ఆమె కష్టం చెప్పుకునేది ఈయనకే. ఆయనే ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడి డాక్టరమ్మ రెండో వారం ఆమె మోచేతి కింద, ఏది పడదో చూడటానికి పది రకాల చుక్కలు వేసి, ఒక్కో చుక్క మీద సూదితో చిన్నగా గుచ్చింది. ఒక్క చుక్క మాత్రం దోమ కుట్టినట్టు ఉబ్బింది.

"గోధుమపిండి" అంది డాక్టరమ్మ. "మీకు అలర్జీ దానివల్లే. ఆదివారం బావుంటుంది, సోమవారం మళ్ళీ మొదలవుతుంది, అవునా?"

అవును. ఆరేళ్ళుగా అంతే. ఆ సంగతి ఇంట్లో, బేకరీలో ఇంతమంది ఉండీ ఒక్కరికీ తట్టలేదు.

"అయితే రొట్టె తినకూడదా?"

"మీరు తినొచ్చు. పీల్చకూడదు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే గొట్టాలు వాచి మూసుకుపోతాయి. నా మాట వినండి, ఆ పని మానేయండి."

బన్నక్క ఉబ్బిన చోటును వేలితో తడిమి చూసుకుంది. "మానేసి ఏం చేయమంటారండీ?"

"ఇంకేదైనా పని."

"ఇంకో పని నాకు రాదు. నేర్చుకోలేక కాదు. నాకొద్దు. పిండే పడదంటే పిండి ఎగరకుండా చేసుకుంటాను."

డాక్టరమ్మకు ఇలాంటి మొండిఘటాలు కొత్త కాదు. బల్ల సొరుగులోంచి, ఊపిరి ఎంత బలంగా బయటికొస్తుందో కొలిచే ప్లాస్టిక్ గొట్టం ఒకటి తీసింది. దానిమీద అంకెలున్నాయి, ఊదితే చిన్న ముల్లు ముందుకు జరుగుతుంది. బన్నక్క ఊదింది. రెండు వందల యాభై. ఆమె ఎత్తుకీ వయసుకీ నాలుగు వందలు దాటాలట.

"మూడు నెలలిస్తాను" అంది డాక్టరమ్మ. "రోజూ ఈ ఇన్‌హేలర్ పీల్చాలి, మరిచిపోయాననడానికి లేదు. బేకరీలో ఉన్నంతసేపూ నేను చెప్పిన మాస్కే పెట్టుకోవాలి, గుడ్డముక్క కాదు. పొద్దున ఇంట్లో, బేకరీలోకి వెళ్ళిన గంటకి, సాయంత్రం పని అయ్యాక మూడుసార్లు ఊది రాయాలి. మందు వాడుతూ కూడా ఒక్కసారి మూడు వందలకు తగ్గిందా, ఆ రోజే ఏప్రాన్ విప్పేయాలి. ఒప్పుకుంటారా?"

"మూడు వందలు. ఒక్కటి తగ్గినా ఇంటికే" అంది బన్నక్క. చెప్పిన మాట మీద నిలబడే మనిషి కాబట్టి, ఆ మాట అనేటప్పుడు ఆమెకు నిజంగానే భయం వేసింది.

యజమాని సంగతి వేరు. ఆయనకు మొదట వచ్చింది జాలి కాదు, సిగ్గు. "బన్నులు చేసే మనిషికి పిండి పడదంటే ఎవరైనా నవ్వుతారమ్మా" అన్నాడు.

"నవ్వేవాళ్ళు నవ్వుకుంటూ కొనుక్కుంటారు లెండి సార్. నాకు మూడు నెలలు కావాలి. ఆ మూడు నెలలూ లోపల నేను చెప్పినట్టు జరగాలి."

ఆమె పోతే ఆ బల్ల దగ్గర ఇద్దరిని పెట్టాలని ఆయనకు తెలుసు. అందుకని సరేనన్నాడు, కాస్త గొణిగి.

ఆ మర్నాటి నుంచి బేకరీ రూపు మారింది. దుకాణం వెనక పొడవాటి గది అది. ఒక చివర బట్టీ, మధ్యలో రెండు బల్లలు, తలుపు పక్కన పిండి కలిపే మిషను, గోడవారన చెక్కల మీద పిండి సంచులు, పైన చిన్న కిటికీ. ఇంతకుముందు మిషనులో పిండి పైనుంచి కుమ్మరించేవాళ్ళు, మేఘం లేచేది. ఇప్పుడు ముందు నీళ్ళు, తర్వాత చేటను అడుగుకు ఆనించి పిండి మెల్లగా జారవిడవాలి. మిషనుకు మూత లేదని తెలిసి ఆమె భర్త రేకుతో ఒకటి చేసి, కీలు బిగించి, మధ్యలో చెయ్యి దూరే సందు పెట్టి తెచ్చాడు. "తాళం కూడా వేయమంటావా?" అని అడిగాడు. చీపురు మూలకు పోయింది, తడిగుడ్డ వచ్చింది. ఖాళీ సంచులను మోకాలికేసి కొట్టి చివరి గుప్పెడు పిండి రాల్చే అలవాటు ఆ బేకరీ పుట్టినప్పటినుంచీ ఉంది. అదీ బందయింది. సంచిని మెల్లగా చుట్టి పక్కన పెట్టాలి. ఆ గుప్పెళ్ళు పోతున్నందుకు యజమాని ముఖం గంటుపెట్టుకున్నాడు.

అన్నిటికంటే కష్టం ఆమెకే వచ్చింది. బల్లమీద పిండి చల్లడానికి లేదు. పిండికి బదులు నూనె రాసింది. మొదటివారం ముద్దలు చేతుల్లో జారిపోయి, అడుగున అంటుకుని, బన్నులు ఒక్కొక్కటి ఒక్కో వంకరలో వచ్చాయి. ఇరవై ఆరేళ్ళ చెయ్యి మొదటిరోజు చెయ్యిలా తయారైంది. చూసినవాళ్ళు నవ్వలేదు గానీ, నవ్వకుండా ఉండటానికి వాళ్ళు పడుతున్న అవస్థ చూస్తే ఆమెకు ఒళ్ళు మండింది. అయినా విడవలేదు. నూనె రెండు చుక్కలు చాలని, ముద్దను పదినిమిషాలు తడిగుడ్డ కింద ఉంచితే దారికొస్తుందని పదహారో రోజున పట్టుకుంది. పదిహేడో రోజు బన్నులను యజమాని చేత్తో తిప్పి తిప్పి చూసి, ఏ వంకా దొరక్క వెళ్ళిపోయాడు.

ఇంట్లో కూడా పద్ధతి మారింది. బేకరీ బట్టలు బేకరీలోనే విప్పి సంచిలో కట్టి తెచ్చేది, తలస్నానం చేశాకే మంచం ఎక్కేది. వంటింటి మేకుకు ఒక నోటుపుస్తకం వేలాడేది. రోజుకు మూడు అంకెలు. మూడువందల ముప్పై, మూడువందల నలభై అయిదు, మూడువందల అరవై. ఆడబిడ్డ ఫోను చేసినప్పుడల్లా, "రొట్టె ముక్క కూడా తినట్లేదంటగా వదినా, పాపం" అనేది. తింటున్నానని ఎన్నిసార్లు చెప్పినా ఆ పాపం మాత్రం పోలేదు. నెల తిరిగేసరికి రాత్రిపూట దగ్గు లేదు, మెట్లెక్కితే ఆయాసం లేదు. ఆమెకు కొండంత ధైర్యం వచ్చింది.

అయిదో వారంలో అంకెలు తగ్గాయి. ఒక మంగళవారం మూడువందల ముప్పై. శుక్రవారం మూడువందల ఇరవై. మర్నాడు మామూలే. ఆ తర్వాతి మంగళవారం మూడువందల పది. బన్నక్క ఒక్కొక్కటీ సరిచూసుకుంది. ఇన్‌హేలర్ మానలేదు, మాస్కు తీయలేదు, ఒక్క నియమం తప్పలేదు. అయినా తగ్గుతోంది. తలగడ గలేబులు మార్చింది. కర్టెన్లు ఉతికింది. మొగుడు ఇంట్లో తాళాలు అరగదీస్తున్నాడని ఆయన సామాను వసారాలోకి గెంటేసింది. పక్కింటి పిల్లి మీద కూడా అనుమానపడింది. ఆ శుక్రవారం బేకరీలో ఊదితే మూడువందల అయిదు వచ్చింది. ముల్లు అక్కడ ఆగిపోయి ఉంటే, ఆమె ఇంకోసారి ఊదలేదు. ఊదితే ఎంత వస్తుందోనని భయం. అలా భయపడ్డందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం ఇంటికొచ్చి, "అయిపోయిందండీ. వచ్చే మంగళవారానికి ఇంట్లో కూర్చుంటాను" అంది. ఆ మనిషి నోట అలాంటి మాట భర్త ఎప్పుడూ వినలేదు.

ఆయన నోటుపుస్తకం మేకు నుంచి తీసుకుని వసారాలో తన సామాను మధ్య కూర్చున్నాడు. ఎర్ర పెన్సిలుతో తక్కువ అంకెల చుట్టూ గీసుకుంటూ పోయాడు. చాలాసేపటికి పిలిచాడు.

"ఇదిగో, ఇలా రా. పొద్దున ఇంట్లో ఊదినవన్నీ బాగున్నాయి. కాబట్టి పిల్లిది తప్పులేదు, నాదీ లేదు. పట్టేస్తున్నది రెండోసారి ఊదినప్పుడు. అదీ మంగళవారం, శుక్రవారం మాత్రమే. ఆ రెండ్రోజులూ అక్కడ ఏం జరుగుతుంది?"

"ఏమీ జరగదు. సోమవారం, గురువారం సాయంత్రం పిండి లారీ వస్తుంది. అప్పటికి నేనుండను."

"మర్నాడు ఆ సంచులు ఎవరు విప్పుతారు?"

"నేను వెళ్ళేసరికే విప్పి డబ్బాల్లో పోసేసి ఉంటాయి. అన్న పొద్దున్నే వస్తాడు కదా, ఆయనే..." అంటూ ఆగిపోయింది. తను ఆరింటికి వెళ్ళి తలుపు తీస్తుంది, గది తుడిచి శుభ్రంగా ఉంటుంది. మాస్కు పెట్టుకునేది ఏప్రాన్ కట్టుకుని, తలకు గుడ్డ చుట్టుకున్న తర్వాత. ఆ పది నిమిషాలూ ఒట్టి ముక్కుతోనే తిరుగుతుంది. గాలి కూడా శుభ్రంగానే ఉందనుకుంది.

మంగళవారం గంట ముందే బయల్దేరింది. మాస్కు వీధిలోనే పెట్టుకుని బేకరీ వెనకతలుపు తోసింది. లోపల బల్బు చుట్టూ తెల్లగా పొగమంచులా ఉంది. అన్న ఖాళీ సంచిని తిరగదీసి మోకాలికేసి కొడుతున్నాడు. ముఖానికి చిన్న గుడ్డ కూడా లేదు. కొట్టి, దగ్గి, మళ్ళీ కొడుతున్నాడు. పక్కనే గోడకు చీపురు ఆనించి ఉంది.

ఆమెను చూసి కంగారుపడ్డాడు. "నువ్వు ఇప్పుడెందుకొచ్చావు చెల్లెమ్మా. బయటికి పో. నువ్వొచ్చేలోపు దుమ్ము పనంతా ముగించేద్దామని చేస్తున్నా. ఊడ్చేస్తా కూడా, ఒక్క రేణువు ఉండనివ్వను."

"సంచులు దులపొద్దని అనుకున్నాం కదా అన్నా."

"అనుకున్నాం. ఆ పిండి పోతోందని పెద్దాయన గొణుగుడు రోజురోజుకీ ఎక్కువవుతోంది. చివరికి ఆ నెపంతో నిన్ను పంపించేస్తాడేమోనని... సారికి నాలుగు గుప్పెళ్ళు మిగిల్చి చూపిస్తే నోరు మూసుకుంటాడు కదా. రెండు వారాల్నుంచీ చూపిస్తున్నా."

కోపం ఆమె గొంతుదాకా వచ్చింది. రెండు వారాలుగా కర్టెన్లు ఉతికింది, పిల్లిని తిట్టింది, తన పని అయిపోయిందని ఏడ్చింది. కానీ ఎదురుగా పిండి కొట్టుకుపోయిన కనుబొమ్మలతో నిలబడ్డ మనిషిని చూస్తే ఆ కోపం నిలవలేదు. తనకోసం ఇంత చేసినవాళ్ళు ఇంకెవరూ లేరని ఆమెకు తెలుసు. ఆయన్ని చెయ్యిపట్టి బయటికి లాక్కొచ్చి అరుగుమీద కూర్చోబెట్టింది.

"నువ్వు ఊడ్చినా అది పోదన్నా. నేల మీదది లేచి గాల్లోకి వెళ్తుంది. కంటికి కనపడదు, గంటైనా దిగదు. నేను వచ్చి ఆ గాలే పీలుస్తున్నాను."

అన్న ముఖం వాడిపోయింది. "అంటే, నిన్ను పడగొడుతున్నది నేనేనా?"

"నువ్వు కాదు. ఆ చీపురు."

ఆయన ఏదో అనబోయి దగ్గాడు. దగ్గు ఆగలేదు. వంగి, మోకాళ్ళు పట్టుకుని, కళ్ళనుంచి నీళ్ళు కారేదాకా దగ్గాడు. ఇరవై ఆరేళ్ళుగా వింటున్న దగ్గు అది. బట్టీ ఎంతో ఆ దగ్గూ అంతే, ఎప్పుడూ అక్కడ ఉండేదే. ఆ పొద్దున మాత్రం ఆమె దాన్ని మొదటిసారి విన్నట్టు విన్నది. ఊపిరి బయటికి పోయేటప్పుడు చివర సన్నగా ఈల వస్తోంది. తన ఛాతీలో వచ్చిన ఈలే.

"ఈ దగ్గేంటన్నా?"

"పొగ. బట్టీ దగ్గరుండేవాడికి పొగదగ్గు ఉండదా?"

"కట్టెలు తీసేసి గ్యాస్ పెట్టి పదేళ్ళయింది. పొగెక్కడిది?"

బన్నక్క సంచిలోంచి గొట్టం తీసి, నోట్లో పెట్టుకునే అట్టముక్క తీసేసి కొత్తది తొడిగింది. ఆయన చేతిలో పెట్టింది.

"ఊదు."

"నాకెందుకమ్మా. నీకు కదా అలర్జీ."

"ఊదన్నా. నామీద ఒట్టు."

ఊదాడు. ముల్లు కొంచెం కదిలి ఆగిపోయింది. గొట్టం పాడైందేమోనని ఆమె తను ఊది చూసింది. మూడువందల డెబ్బై. మళ్ళీ అట్టముక్క మార్చి ఆయన చేత ఊదించింది. నూట డెబ్బై. మగమనిషికి, అంత ఎత్తు మనిషికి, నూట డెబ్బై.

బన్నక్క పక్కన కూర్చుంది. "ఎన్నాళ్ళనుంచి?"

"గుర్తులేదు. బేకరీలో పనిచేసేవాళ్ళకి దగ్గు మామూలే కదమ్మా. నాకు పని నేర్పినాయనకీ ఉండేది."

"ఆయనేమయ్యాడు?"

అన్న వీధివైపు చూస్తూ, "ఊపిరాడక పోయాడు" అన్నాడు.

ఇన్నాళ్ళూ బన్నక్క తన బల్ల, తన చేతులు, తన మూడువందలు అని పోరాడింది. పక్కనే ఒక మనిషి ఇన్నేళ్ళుగా ఉక్కిరిబిక్కిరి అవుతుంటే పొగ అనుకుని ఊరుకుంది. ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే లేచి, మాస్కు బిగించుకుని లోపలికి వెళ్ళి బట్టీ ఆపేసింది.

ఏడింటికి యజమాని వచ్చేసరికి దుకాణం తలుపులు మూసి ఉన్నాయి, ఇద్దరూ అరుగుమీద ఆటో కోసం చూస్తున్నారు.

"బన్నులేవమ్మా?"

"ఈరోజు లేవు సార్. అన్నని ఆసుపత్రికి తీసుకెళ్తున్నా. ఇంకో మాట. ఆ చివరి గుప్పెడు పిండి మీకు కావాలా, అన్న కావాలా, నేనొచ్చేసరికి ఆలోచించుకోండి."

యజమాని పిసినారి గానీ చెడ్డవాడు కాదు. అన్న బుగ్గల మీద కళ్ళనీళ్ళు, పిండి కలిసి కట్టిన చారలు చూశాడు. ఏమీ అనకుండా జేబులోంచి ఆటో డబ్బులు తీసి ఇచ్చాడు. సాయంత్రానికి బేకరీలో చీపురు కనపడలేదు. ఎవరు పారేశారో ఎవరూ అడగలేదు.

అన్న చేతిమీద కూడా అదే చుక్క ఉబ్బింది. ఆయనకు మాత్రం డాక్టరమ్మ నెలలు, షరతులు పెట్టలేదు. ఊపిరితిత్తులు కుదుటపడేదాకా ఆ గదిలో అడుగు పెట్టొద్దంది. మూడు రోజులు ఆయన ఇల్లు కదల్లేదు. నాలుగోరోజు బన్నక్క వెళ్ళి, దుకాణం ముందు గల్లాపెట్టె పక్కన స్టూలు వేయించానని చెప్పి వెంటబెట్టుకొచ్చింది. అమ్మకం ఆయనకు రాదు, చిల్లర లెక్కలో తడబడతాడు. కానీ లోపల ట్రే పెట్టిన కాసేపటికి, గోడ అవతలినుంచి వచ్చే వాసన పట్టి, "ఇక తియ్యండి" అని కేక పెడతాడు. తీస్తే సరిగ్గా కాలి ఉంటాయి.

మూడు నెలలు నిండిన రోజు బన్నక్క నోటుపుస్తకం డాక్టరమ్మ ముందు పెట్టింది. ఆ చివరి నెలంతా ఒక్క అంకె కూడా మూడువందల యాభై కిందికి దిగలేదు. డాక్టరమ్మ పేజీలు తిప్పి తిప్పి చూసింది. "ఇంకో ఆరు నెలలు ఇలాగే రాయండి. తగ్గితే మాత్రం మన ఒప్పందం ఒప్పందమే" అంది. బన్నక్క సరేనంది. ఆ తర్వాత సంచిలోంచి రెండో నోటుపుస్తకం తీసింది. అందులో అంకెలు అన్నవి, రాత మాత్రం ఆమెదే.

ఇప్పుడు రోజూ పొద్దున ఆరింటికి దుకాణం మెట్లమీద ఇద్దరూ కూర్చుంటారు. ముందు ఆమె ఊదుతుంది, తర్వాత ఆయన ఊదుతాడు. ఇద్దరికీ ఇప్పుడు చెరో గొట్టం ఉంది. నూట డెబ్బై రెండొందలైంది, రెండొందల ముప్పై అయింది. నిన్న పొద్దున రెండువందల అరవై వచ్చింది. అన్న ముల్లువైపు చూసి, లోపలి గది తలుపువైపు చూసి, "ఎంతొస్తే రానిస్తావు చెల్లెమ్మా?" అని అడిగాడు.

"నాలుగు వందలు."

"నీకు మూడొందలే కదా పెట్టారు."

"నాది డాక్టరమ్మ పెట్టింది. నీది నేను పెట్టాను" అంది బన్నక్క. అంకె రాసుకుని, మాస్కు బిగించుకుని లోపలికి వెళ్ళింది. ఆయన ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు, ఎవరూ చెప్పకుండానే, ఇంకోసారి ఊదాడు.